ఆలస్యంగా పూసే పాలకూర

"పెరట్లో పాలకూర మడి పెట్టుకుని బజార్లో పాలకూర కొనుక్కు తినే ఇల్లు ఈ వీధి మొత్తంలో మనదొక్కటే," అంది అత్తయ్య, నేను ముందురోజు సాయంత్రం తెచ్చిన కట్ట విప్పుతూ.

తిట్టలేదు. ఆవిడ ఎప్పుడూ తిట్టదు. కత్తి పక్కన పెట్టుకుని, ఒక్కో ఆకూ తిప్పి చూసి, పురుగు కొట్టినవి ఒకవైపు, మంచివి ఒకవైపు వేస్తూ, ఎదురుగా ఉన్న గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతుంది. గోడకి వినపడినా పడకపోయినా నాకు వినపడుతుందని ఆవిడకి తెలుసు. జవాబిస్తే ఎదురు చెప్పినట్టు, ఇవ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టు. పందొమ్మిదేళ్ళలో నేను ఈ రెంటికీ మధ్య పడి ఉండే ఒక శబ్దం కనిపెట్టుకున్నాను, "ఊఁ" లాంటిది. అది అనేసి స్టవ్ వైపు తిరిగాను.

పొద్దున ఐదింటికి లేస్తాను, ఎనిమిదిన్నరకి బస్సెక్కుతాను. ఈ మూడున్నర గంటల్లో ఇంట్లో మిగతా ముగ్గురూ లేస్తారు, స్నానాలు చేస్తారు, తింటారు, తయారవుతారు. అదంతా తమంతట తామే చేసుకుంటున్నామని వాళ్ళ నమ్మకం. అత్తయ్య బాత్రూమ్ తలుపు తీసేసరికి వేణ్ణీళ్ళు ఉంటాయి. ఆయన చెయ్యి చాపేసరికి ఇస్త్రీ చొక్కా ఉంటుంది. అమ్మాయి కాలేజీకి బయల్దేరుతూ చూసుకునేసరికి బ్యాగులో డబ్బా ఉంటుంది, నీళ్ళ సీసా ఉంటుంది, నిన్న ఎక్కడో పారేసుకున్న పెన్ను మూత కూడా ఉంటుంది. ఒకసారి నాకు జ్వరమొచ్చి ఆరున్నరదాకా పడుకుంటే, ఆయన గదిలోకి తొంగిచూసి, "ఏంటివాళ, కరెంటు పోయిందా?" అన్నారు. వేళాకోళం కాదు. నీళ్ళు వేడిగా లేకపోతే ఆయనకి తట్టిన కారణం అదొక్కటే.

ఆ తీరికలేనితనంలోంచే రోజుకి మూడుసార్లు పెరట్లోకి పోతాను. బట్టలు ఆరేసే వంకతో ఒకసారి, చెత్త పారేసే వంకతో ఒకసారి, ఏ వంకా దొరక్కపోతే ఊరికే ఒకసారి. బట్టలుతికే రాయి వెనక, ప్రహరీ గోడకి ఆనుకుని ఉంది నా మడి. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే ఆయన కొలిచి ఇచ్చారు. ఆయన ఉద్యోగం భూముల సర్వే. ఊళ్ళో వాళ్ళందరి హద్దు తగాదాలూ ఆయన టేపు ముందు తేలిపోవాల్సిందే. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం టేపు పట్టుకొచ్చి, నాలుగు మూలలా నాలుగు మేకులు కొట్టి, "ఇదిగో, ఇది నీది. ఇష్టమొచ్చింది వేసుకో, ఎవరూ అడగరు," అన్నారు. ఆ దానం సంగతి వచ్చిన చుట్టాలందరికీ చెబుతారు. "మా ఆవిడకి స్థిరాస్తి రాసిచ్చేశా, ఇంక నన్ను చీరలడగదు," అని. చుట్టాలు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

అందులో పాలకూర తప్ప ఇంకోటి వెయ్యలేదు. మొదట్లో అది ఇంట్లోకి పనికొస్తుందనే వేశాను. పాలకూరకి ఒక చెడ్డ గుణం ఉంది. చలి తగ్గి ఎండ ముదిరిందంటే, నలభై రోజులో, నలభై ఐదు రోజులో చూస్తుంది, మధ్యలోంచి ఒక కాడ నిటారుగా లేస్తుంది. పూతకొచ్చిందన్నమాట. ఇక ఆకు చిన్నదైపోతుంది, మందమైపోతుంది, చేదెక్కుతుంది. తినడానికి పనికిరాదు. ఆరేళ్ళ కిందట మడి మొత్తం అలా కాడ లేచిపోతే పీకేద్దామని వెళ్ళాను. గోడ వారన ఒక్క మొక్క మాత్రం ఏమీ పట్టనట్టు, పట్టెడు ఆకు వేసుకుని, నేలకి అంటిపెట్టుకుని కూర్చుంది. చుట్టూ అందరికీ తొందర పుట్టింది, దానికి పుట్టలేదు. దాన్ని చూస్తే నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఇరవయ్యో ఏట నాకు పెళ్ళి చేసి, ఇరవై రెండో ఏట ఒళ్ళో బిడ్డని పెట్టినప్పుడు, కాస్త ఆగండి అనే మాట నా నోట రాలేదు. ఆ మాట ఈ మొక్క అంటోంది. దాన్ని వదిలేశాను. అరవయ్యో రోజున పూసింది, గింజ కట్టింది. ఆ గింజ దాచి మరుసటేడు చల్లాను. వాటిల్లో అన్నిటికన్నా ఆలస్యంగా పూసినవాటి గింజ మళ్ళీ దాచాను. అలా ఐదేళ్ళు.

ఈ ఏడు ఆ మడిలో, గోడ పక్కన, ఏడు మొక్కలున్నాయి. మిగతావన్నీ ఎప్పుడో పూసి, పుప్పొడి రాల్చేసి, ఇప్పుడు గింజలు పట్టి ఎండు పుల్లల్లా నిలబడ్డాయి. వాటి గింజ పక్కింటి టైలరమ్మకీ వీధిలో అడిగినవాళ్ళకీ ఇవ్వడానికి. ఈ ఏడు మొక్కలే నావి. డెబ్భై రోజులు దాటినా కాడ లేవలేదు. మిగతావాటి పుప్పొడి అయిపోయింది కాబట్టి ఇవి పూసినా వీటిలో వీటికే గింజ కడుతుంది, వేరే కలపడం ఉండదు. ఇలా కుదరడం ఐదేళ్ళలో ఇదే మొదలు. పోయినేడాది దాచిన గింజ చివరి చిటికెడుతో సహా ఈ మడిలోనే చల్లేశాను. అంటే ఐదేళ్ళూ ఆ ఏడు మొక్కల్లోనే ఉన్నాయి. అందుకే నాకు నిలకడ లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని నాకే తెలుస్తోంది.

నేను పనిచేసేది విత్తన పరీక్షా కేంద్రంలో. రైతులకి అమ్మబోయే విత్తనాల సంచుల్లోంచి నమూనాలు మాకొస్తాయి. నాలుగు వందల గింజలు లెక్కబెట్టి, తడి కాగితం మీద వరసలుగా పేర్చి, చుట్ట చుట్టి, వెచ్చటి బీరువాలో పెడతాను. వారానికి విప్పి, మొలిచినవెన్ని, మొలవనివెన్ని, వంకరగా మొలిచినవెన్ని అని రాస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని, పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగినే. నేను లెక్కబెట్టిన కాగితం మీద ఇంకొకరు సంతకం పెడతారు. నా తరవాత వచ్చిన అబ్బాయిలిద్దరు పర్మనెంటయ్యారు, మీటింగులకి వెళ్తారు. వెళ్తూ వెళ్తూ, "అక్కా, మీ చేతికి అలవాటు కదా, మావీ కాస్త లెక్కబెట్టేయండి," అని చుట్టలు నా బల్ల మీద పెట్టిపోతారు. అక్కా అన్నాక ఇంకేం అంటాం?

మా పైఅధికారిణిని అందరం భూతద్దం అంటాం. మెళ్ళో నల్ల తాడుకి భూతద్దం వేలాడేసుకుని తిరుగుతుంది, అందుకని. రెండేళ్ళలో రిటైరవుతుంది. పోయినేడాది నేను నా పాలకూర గింజలు ఒక యాభై తెచ్చి, ఎవరూ చూడకుండా బీరువాలో ఒక మూల చుట్ట పెట్టాను, ఎన్ని మొలుస్తాయో చూద్దామని. సరిగ్గా ఆవిడ చేతికే చిక్కింది.

"దీనికి నమూనా నంబరు లేదే? ఎవరిది?"

ఉద్యోగం ఊడిందే అనుకున్నాను. "నాదే మేడమ్. ఇంట్లోది," అని, నోరు పెగల్చుకుని మొత్తం చెప్పాను. కాడ ఎన్నో రోజున లేచింది, ఏ ఏడు ఎన్ని మొక్కలు ఉంచాను, ఏవి పీకేశాను, అన్నీ తారీఖులతో సహా. తారీఖులు నాకు ఎక్కడా రాసుకునే అవసరం లేదు, కళ్ళకి కట్టినట్టుంటాయి. ఆవిడ వింటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను మాట్లాడుతుంటే ఎవరైనా కుర్చీ లాక్కుని కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"వచ్చే సీజన్‌కి ఒక దోసెడు గింజ తెచ్చివ్వు. మన ప్రయోగ మడుల్లో వేయిస్తా," అంది. "రిజిస్టర్‌లో 'ఎంపిక చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో నీ పేరు రాస్తా. ఈ బిల్డింగులో పనిచేసిన ఆడవాళ్ళెవరి పేరూ ఇంతవరకు ఆ గడిలో పడలేదు. నాది కూడా."

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే మొదటి ఏడు చెప్పాను కాబట్టి. ఆ రాత్రి అన్నాల దగ్గర ఎంతో ఉత్సాహంగా చెప్పాను, అదిగో ఆ మొక్క పూయలేదు, దాని గింజ దాస్తున్నాను అని. ఆయన శ్రద్ధగానే విన్నారు. తరవాతి ఆదివారం ఆయన స్నేహితులు నలుగురు భోజనానికొస్తే, నేను వడ్డిస్తుండగా, "మా ఇంట్లో శాస్త్రవేత్త ఉందిరోయ్. పాలకూరకి హాజరు పట్టీ వేస్తుంది. ఏ మొక్క ఎప్పుడు పుష్పవతి అయిందో అడగండి, చెబుతుంది," అన్నారు. ఒకాయనకి పొలమారింది నవ్వలేక. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. అప్పట్నుంచి ఎవరడిగినా "గింజకి వదిలాను" అని ఊరుకుంటాను. అది వాళ్ళకి బాగా అర్థమైంది కూడా. ఎండిన పుల్లల్ని చూపించి, "ఇవి అమ్మవి, ముట్టుకోకు," అని మా అమ్మాయికి అత్తయ్యే చెబుతుంది. నాకు అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

గురువారం మాత్రం నోరు జారాను. ఆ రోజు ఆఫీసులో ఆ అబ్బాయిల చుట్టలు కూడా కలిపి పదహారు వందల గింజలు లెక్కబెట్టి వచ్చాను. కళ్ళు మూసుకున్నా గింజలే. తలుపు తీయగానే ముందు గదిలో ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. "వచ్చావా, ఆకలేస్తోంది," అన్నారు ఆయన. అంతే అన్నారు, అందులో తప్పేం లేదు. కానీ నా ఒళ్ళు భగ్గుమంది.

"ఒక్క పూట," అన్నాను చెప్పులైనా విప్పకుండా. "ఒక్కటంటే ఒక్క పూట, నేనొచ్చేసరికి ఈ ఇంట్లో ఎవరైనా వండి పెడితే ఎవరూ అరిగిపోరు."

టీవీలో ఎవరో చప్పట్లు కొడుతున్నారు. మా అమ్మాయి దాని గొంతు తగ్గించింది. నేను వంటింట్లోకి వెళ్ళి, అరిచినందుకు సిగ్గుపడి, మామూలుకన్నా ఒక కూర ఎక్కువ చేశాను.

శనివారం ఒంటిపూట డ్యూటీ. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఇంటికొచ్చి గేటు తీస్తుంటేనే తాలింపు వాసన వచ్చింది. నా ఇంట్లోంచి, నేను లేకుండా, తాలింపు వాసన. లోపల బల్ల మీద నాలుగు కంచాలు పెట్టి ఉన్నాయి. ఆయన భుజం మీద తువ్వాలు, చూపుడు వేలికి ప్లాస్టర్. అత్తయ్య మొహం కడుక్కుని తయారుగా కూర్చుంది. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి నా బ్యాగు లాక్కుని, "అమ్మా, నువ్వేం ముట్టుకోకూడదు. కూర్చో అంతే," అంది.

కూర్చున్నాను. నాకు వడ్డించారు. పందొమ్మిదేళ్ళలో ఆ కుర్చీలో అందరికన్నా ముందు నేను కూర్చోవడం అప్పుడే. నిజం చెప్పాలంటే నా మనసు కరిగిపోయింది. గురువారం అన్న మాట వీళ్ళ చెవికెక్కిందన్నమాట. ఊరికే అందర్నీ ఆడిపోసుకుంటున్నాను, అడిగితే చెయ్యరా, అడగలేదు గనక చెయ్యలేదు, అని ఒక్క నిమిషంలో వెయ్యి అనుకున్నాను. అప్పుడు ఆయన మూత తీశారు. పాలకూర.

"బజారు సరుకు కాదు," అన్నారు. "మన మడిదే."

నా చెయ్యి కంచం మీద ఆగిపోయింది.

"ఏం కంగారుపడకు, నీ గింజల మొక్కల్ని ఒక్కదాన్ని కూడా ముట్టలేదు. నేనే దగ్గరుండి చూశా," అన్నారు. "అమ్మ ఒక పుల్ల మీద చెయ్యి వేయబోతే కూడా ఆపాను. గోడ పక్కన ఆకున్నవి ఏడుంటే, అవే పీకాం. ఏం వేళ్ళు బాబూ, జానెడు దిగాయి."

"లేతగా ఉన్నాయే అమ్మాయ్," అంది అత్తయ్య. "ఇన్నాళ్ళూ వీటిని కొయ్యకుండా బజారు నుంచి ఎందుకు మోసుకొచ్చావో."

ముగ్గురూ నా నోటి వైపు చూస్తున్నారు. మొదటి ముద్ద కోసం. నేనేం చెయ్యను? పెట్టుకున్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఉప్పు వెనకాల, వెల్లుల్లి వెనకాల, ఆకు రుచి కోసం నాలిక దానంతటదే వెతికింది, చేదు ఎక్కడైనా తగులుతుందేమోనని. తగల్లేదు. డెబ్భై నాలుగో రోజు, ఇంత ఎండల్లో, మచ్చుకైనా చేదు లేదు. ఐదేళ్ళు నేను దేని కోసం చూశానో అది నిజంగా వచ్చిందని నాకు ఆ ముద్దతో తెలిసింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. ఆపుకోలేదు, ఆపుకోవాలని తోచలేదు.

"చూశావా అమ్మా," అన్నారు ఆయన అత్తయ్యతో. "ఒక్క పూట వండి పెడితే ఎంత సంతోషమో దానికి. పాపం."

ఆ పాపం అన్న మాటతో నాకు ఏడుపు ఆగిపోయింది. కంచం ముందుకు జరిపాను. "వేళ్ళేవి?" అన్నాను.

"ఏ వేళ్ళు?"

"మొక్కల వేళ్ళు. కోసి ఎక్కడ పడేశారు?"

"చెత్త బుట్టలో వేశా. ఎందుకమ్మా?" అంది అత్తయ్య.

లేచి వంటింట్లోకి వెళ్ళి, సింకు కింది బుట్ట తీసి, నేల మీద పాత పేపరు పరిచి బోర్లించాను. ఉల్లిపొట్టు, టీ పొడి, కోడిగుడ్డు పెంకులు. ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. "అన్నం ముందు లేచి ఇదేం పని?" అన్నారు. నా చేతివేళ్ళకి గింజలు ఏరడం అలవాటే కదా. ఒక్కొక్కటీ ఏరాను. ఏడు దొరికాయి. అత్తయ్య కత్తి ఒక్కో మొక్క మీద ఒక్కోలా పడింది. రెండింటికి మొదలు తెగిపోయి ఉత్త వేరు మిగిలింది, అవి పనికిరావు. ఐదింటికి మొదలు ఉంది, మొదలు మధ్యలో గోరంత పసరు మొగ్గ ఉంది. అక్కణ్ణుంచి మళ్ళీ ఆకు రావొచ్చు. రాకపోవచ్చు. ఆఫీసులో అయితే పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని.

"అమ్మా, ఏంటివి?" అంది మా అమ్మాయి నా పక్కన చతికిలబడి.

చెప్పాను. టీ పొడి అంటిన చేతులతో, నేల మీద కూర్చునే, ముగ్గురికీ వినపడేలా చెప్పాను. ఆ ఎండిన పుల్లలు ఎవరికి కావాలన్నా ఇచ్చేసే గింజ అనీ, మీరు పీకినవే నావనీ. ఐదేళ్ళ సంగతీ, బీరువాలో చుట్ట సంగతీ, రిజిస్టర్‌లో గడి సంగతీ. లెక్క చదివి వినిపిస్తున్నట్టు చెప్పాను.

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదా?" అన్నారు ఆయన. "చెబితే ముట్టుకునేవాళ్ళమా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"మొదటి ఏడు చెప్పాను. మీరు మీ ఫ్రెండ్స్‌కి చెప్పారు. వాళ్ళు నవ్వారు."

"ఎప్పుడు?" అన్నారు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగా గుర్తు లేదు. ఆయన్ని కోప్పడదామంటే ఆ గుర్తు లేకపోవడం మీద ఎక్కడ పట్టుకోవాలో నాకు దొరకలేదు.

అత్తయ్య మాత్రం కొత్తగా మాట్లాడింది, గోడతో కాకుండా నా మొహం చూసి. "నాకు తెలియలేదే అమ్మాయ్. నీ కోసం మంచివి ఏరదామని మంచివే ఏరాను," అంది. తరవాత, "మళ్ళీ మడిలో పెట్టెయ్, బతుకుతాయి. ఇక ఎవరం ముట్టుకోం," అంది. ఆయనకి ఊరట కలిగింది. "అవును, నేను చుట్టూ కర్రలు పాతి కంచె కడతా. బోర్డు కూడా రాసి పెడదాం. ఐదు మొక్కలకీ ఐదడుగులు వదిలేద్దాం, హద్దులు వేసి," అన్నారు. అప్పుడే లేచి టేపు కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఐదు వేళ్ళూ దోసిట్లో పట్టుకుని పెరట్లోకి నడిచాను. మడిలో గోడ పక్కన ఏడు గుంటలు, ఇంకా తడిగా. గునపం అక్కడే పడి ఉంది. వంగి ఒక్కోటీ పెట్టేస్తే అయిపోతుంది. ఆయన కంచె కడతారు, నిజంగానే కడతారు. చుట్టాలకి చూపిస్తారు, ఈసారి నవ్వకుండా, గర్వంగా, మా ఆవిడ కోసం కంచె కట్టానని చెబుతారు. అత్తయ్య కాపలా కాస్తుంది. అమ్మాయి ఫోటోలు తీస్తుంది. అందరూ మంచివాళ్ళే. అయినా నాకు వంగబుద్ధి కాలేదు. నడుము పట్టేసిందేమోనని నాకే అనుమానం వచ్చింది. ఈ మడి నాకు ఇచ్చినది. ఇచ్చినదాంట్లో పండింది ఇంట్లో అందరిదీ అవుతుంది, ఎవరి తప్పూ లేకుండానే. రేపు కంచె మధ్యలో కూడా నా మొక్కలు వీళ్ళ దయ మీదే ఉంటాయి. నాకు ఆ దయ ఇక చాలనిపించింది. ఇంతకాలం దాని మీదే బతికాను, ఇక అరగదు.

మొక్క నీడలో ఉన్నా వేరు ఆరిపోవడానికి గంట పట్టదు. ఫోన్ తీసి భూతద్దానికి చేశాను. సెలవు పూట ఆవిడకి ఫోన్ చెయ్యడం అంటే ఆఫీసులో ఎవరికైనా హడలే. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. "మొదలు తెగలేదుగా? తడి కాగితంలో చుట్టి పట్టుకొచ్చెయ్. నేనూ వస్తున్నా," అంది.

పరీక్షా కేంద్రం వెనక ప్రయోగ మడులుంటాయి, ఒక్కోదానికి ఇనప పలక మీద నంబరు. పదకొండేళ్ళలో నేను ఆ మడులు కిటికీలోంచే చూశాను. ఆవిడ నన్ను చివరి మడికి తీసుకెళ్ళింది. భూతద్దంతో ఒక్కో మొదలూ చూసి, ఒకదాన్ని పక్కన పెట్టేసింది. "ఇది లేవదు. నాలుగు పెట్టు," అంది. పెట్టాను. అరచేతులతో మట్టి అదిమాను. ఆవిడే డబ్బాతో నీళ్ళు పోసింది.

"మడి ఇవ్వగలను, మనిషిని ఇవ్వలేను," అంది లేచి చేతులు దులుపుకుంటూ. "నీళ్ళూ కలుపూ నువ్వే చూసుకోవాలి. డ్యూటీ టైములో కుదరదు, నా మీద కంప్లయింట్ పెడతారు. ఎండెక్కకముందే, పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య రావాలి. ఆదివారాలు కూడా. గేటు దగ్గర చెప్పి ఉంచుతా. ఇంట్లో అడిగి సోమవారం చెప్పు."

"రేపటి నుంచి వస్తాను," అన్నాను.

"ఇంట్లో?"

"చెబుతాను."

ఆవిడ లోపలికెళ్ళి రిజిస్టర్ తెచ్చింది. రాసేటప్పుడు ఇంటిపేరు స్పెల్లింగు అడిగింది. ఏ ఇంటిపేరు చెప్పాలా అని ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, నేను పుట్టినప్పటిది చెప్పాను. జీతం కాగితాల్లో ఉన్నది అది కాదని ఆవిడకి తెలుసు. తల ఎత్తకుండా రాసేసింది.

ఇంటికొచ్చేసరికి ఎండ వాలింది. ఆయన పెరట్లో కర్రలు చెక్కుతున్నారు. నాలుగు మూలలా నాలుగు పాతి, దారం కట్టేశారు కూడా. నా ఖాళీ చేతులు చూసి, "ఏవి మొక్కలు?" అన్నారు.

"ఆఫీసు మడిలో పెట్టాను. రేపటి నుంచి పొద్దున ఐదున్నర బస్సుకి వెళ్తాను. డ్యూటీ ఉన్న రోజు అట్నుంచి అటే ఆఫీసుకి."

"ఐదున్నరకా? మరి..." అని ఆగిపోయారు. ఆ మరి వెనకాల ఎన్ని ఉన్నాయో ఆయన మొహంలో ఒక్కొక్కటిగా కనపడ్డాయి. ఆయనకి అవి అన్నీ ఒక్కసారి కనపడటం కూడా అప్పుడే అనుకుంటాను. "మరి అమ్మకి వేణ్ణీళ్ళో?"

"గీజర్ స్విచ్ తలుపు పక్కనే ఉంది. ఎర్రది."

గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య ఏదో అనబోయింది. మా అమ్మాయి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "నేను వేస్తాలే నానమ్మా," అంది. అది అలా అన్నందుకే నాకు కంగారు పుట్టింది. పిల్ల వైపు తిరిగి, "నువ్వు కాదు. నాన్న వేస్తారు," అన్నాను.

ఆయన చేతిలో కర్రని అటూ ఇటూ తిప్పారు. ఆయన చెడ్డవారు కాదు, లెక్క తేలితే ఒప్పుకునే మనిషి. "ఎన్నాళ్ళు?" అన్నారు.

"పూసి గింజ కట్టేదాకా."

"అంటే ఒక రెండు నెలలు." ఆయన మొహం తేటపడింది. రెండు నెలలకి హద్దు ఉంది, కొలవొచ్చు. "సరే, ఎలాగో సర్దుకుంటాం. ఆ తరవాత మామూలేగా?"

"ఆ తరవాత విత్తనం చల్లాలి," అన్నాను.